రాక్షసుడికి ఒక ఆమేన్

ఈ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరం మా మనవి చెప్పుకుంటున్నాం. నార్కట్‌పల్లి నుంచి వచ్చిన మా ఆఖరి చెల్లెలి బిడ్డ, చిన్నారి స్నేహ వంతు వచ్చింది. బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నా బుక్కుల ఉన్న రాక్షసునికి ఒక్క దోస్తునియ్యి. పాపం, వాన్ని జూసి అందరు ఉరుకుతున్నరు."

ఆమేన్ అనబోయిన వాళ్లంతా ఆగి, ఇంటికి పెద్దదాన్నని నా వైపు చూశారు. నేను అనలేదు. "రాక్షసుల కోసం ప్రార్థన చేస్తరా? తప్పు బిడ్డా," అన్నాను.

"వాడు ఎవ్వల్ని ఏమనడు పెద్దమ్మా. నువ్వు సదివినవా?"

చదవలేదు. అట్ట మీది కోరలు చూశాను, అంతే.

ప్రార్థన ముగిశాక పుస్తకం అడిగి తీసుకుని చదివాను. దారి తప్పిన కుందేలు పిల్లను ఆ రాక్షసుడు భుజాన ఎక్కించుకుని ఇంటికి తెస్తే, వాడి కోరలు చూసి కుందేళ్లు తలుపు మూసుకున్నాయి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మెల్లగా ఆమేన్ అన్నాను.

"గట్టిగ అను పెద్దమ్మా," అంది స్నేహ. "వానికి గూడ ఇనబడాలె."

గట్టిగానే అన్నాను. ఇన్నేళ్లు మోకరించి కూడా అట్ట చూసి తీర్పు చెప్పేది నేనొక్కదాన్నేనా? మీలోనూ ఎవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.