లేడీస్ సెట్టింగ్

మా వ్యాన్‌కి ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. కార్బొరేటర్ కాలం నాటి బండి. ఎండాకాలంలో దాన్ని నడుపుతుంటే కింద పొయ్యి, పైన పెనం, ఆ పైన అట్టులాగా నేను. అట్టును ఎప్పుడు తిరగెయ్యాలో చెప్పేవాళ్ళకు మాత్రం మా ఇంట్లో కొదవ లేదు.

మేముండేది మాణికేశ్వర్ నగర్‌లో. నేను మధ్యాహ్నం భోజనాలు వండి పంపిస్తాను. కొన్ని డబ్బాలు పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఆఫీసులకు, కొన్ని హాస్టళ్ళకు, పెద్ద గిన్నెలు తార్నాకలో ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్‌కు. ఒకప్పుడు వ్యాన్ మా ఆయన నడిపేవాడు. తర్వాత ఆయనకు స్కూల్ బస్సు డ్రైవరుగా ఉద్యోగం దొరికింది. సెలవు రోజుల్లో తప్ప మధ్యాహ్నాలు ఆయన నాకు దొరకడు. అందుకని నేనే నేర్చుకున్నాను. లైసెన్స్ కూడా వచ్చింది, డ్రైవింగ్ స్కూల్ వాళ్ళ కొత్త కారు మీద.

నేను ఎనిమిదిలో బడి మానేశాను. బడికి నేను గుర్తున్నానో లేదో తెలియదు కానీ, నాకు మాత్రం దాని మీద బెంగ లేదు. ఇప్పుడు చూడండి, ఆదివారంతో సహా రోజూ యూనివర్సిటీకి వెళ్తున్నాను. అంత హాజరు అక్కడ ఎవరికీ ఉండదు.

చిక్కంతా బండితోనే వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ కారు బుద్ధిమంతురాలు, కాలు తీస్తే నెమ్మదించేది. మా వ్యాన్ అలా కాదు. ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ మీద కాలు తీసేసినా అది తన దారిన తాను పోతూనే ఉండేది. క్లచ్ తొక్కితే గొంతు చించుకునేది. దాన్ని ఆపడానికి నేను బ్రేకు మీద దాదాపు నిలబడేదాన్ని. ఇదంతా నా కాలు తప్పే అనుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో అందరూ అదే చెప్పారు. అందరికంటే గట్టిగా చెప్పింది మా మరిది. మా వీధి చివర మెకానిక్ షెడ్డు ఆయనదే, మా బండికి డాక్టరూ ఆయనే.

"వదిన బండి నడుపుతలేదన్నా, బండే వదినను నడుపుతున్నది" అనేవాడు.

"నన్ను నడిపేటోళ్ళు ఇంట్ల ఇద్దరున్నరు, బండొకటి తక్కువైందా?" అనేదాన్ని. మరిది నవ్వేవాడు. వదినా మరుదులం కదా, తిట్టుకోకపోతే ఎవరికో ఒకరికి జ్వరమొచ్చిందనుకుంటారు.

ఒకరోజు హాస్టళ్ళ దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నేను కాలు తీశాను. బండి మాత్రం తగ్గకుండా ఎక్కి దిగింది. భయంతో బ్రేకు తొక్కేశాను. వెనక సాంబారు గిన్నె మూత ఎగిరింది. సాంబారు ముందుకొచ్చి సీటు కింద ఇంజన్ దాకా పోయింది. పొగ, ఇంగువ వాసన, రోడ్డు మీద మునక్కాడలు. చెట్టు కింద పుస్తకం పట్టుకున్న ఒక పిల్లాడు లేచి వచ్చాడు.

"ఆంటీ, బండికి పోపు పెట్టిండ్రా?"

"పెట్టిన బిడ్డా. అన్నం నువ్వు తెచ్చుకో" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఆ రోజు తార్నాక పిల్లలు పచ్చడితో తిన్నారు. దానికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం మా ఆయన బండి కడుగుతూ తేల్చేశాడు.

"నీతోని గాదే ఇది. అంబర్‌పేట్‌ల కూరగాయలాయన అడుగుతున్నడు, ఇచ్చేద్దాం."

"మరి డబ్బాలు?"

"ఆటో మాట్లాడుదాం."

ఏ ఆటో అతను హాస్టల్ గేటు ముందు గిన్నెలు ఖాళీ అయ్యేదాకా నిలబడతాడు? వారం తిరక్కుండానే తార్నాక హాస్టల్ చేజారుతుంది. ఆ హాస్టలే నా వంటలో సగం. బండి పోతే గుమ్మం దాటే పని కూడా నాకు ఉండదు. మా ఆయనకు అది తెలియక కాదు. నేను ఏ లారీ కిందో పడతానని భయం. భయమని చెప్పలేక "నీతోని గాదు" అన్నాడు. మగవాళ్ళు భయపడితే మనకు తెలివి లేదంటారు, అదొక పద్ధతి.

ఆదివారం పొద్దున కూరగాయలాయన వచ్చాడు. బండి నడిపి చూస్తానన్నాడు. ఆయన స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన మా ఆయన, వెనక ఖాళీ గిన్నెల మధ్య నేనూ మరిదీ. క్యాంపస్ లోపలి రోడ్డు మీదికి వచ్చాం. ఆదివారం కదా, సగం హైదరాబాద్ అక్కడే కారు నేర్చుకుంటూ ఉంటుంది. మలుపు దగ్గర ఆయన కాలు తీశాడు. బండి తీయలేదు. ఆయన కూడా బ్రేకు మీద నిలబడ్డాడు. గిన్నెలు గలగలమన్నాయి.

"అన్నా, ఇదేంది? కాలు తీసినా ఉరుకుతున్నది! రేసు గింత ఎక్కువెందుకు పెట్టిండ్రు?"

మా ఆయన వెనక్కి తిరిగాడు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఒక గిన్నె మూతను శ్రద్ధగా చూస్తున్నాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు.

"ఏందిరా?"

"అదే అన్నా... వదిన కోసం పెట్టిన. లేడీస్ సెట్టింగ్."

బండి పక్కకు ఆగింది. మరిది విడమర్చి చెప్పాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఎంత మెల్లగా తిరగాలో చెప్పే స్క్రూ ఒకటి కార్బొరేటర్ మీద ఉంటుంది. ఎవరైనా భార్య కోసమో బిడ్డ కోసమో బండి తెస్తే మెకానిక్‌లు ఆ స్క్రూ బిగించి ఆ వేగం, అంటే రేసు, పెంచేస్తారట. అప్పుడు క్లచ్ ఎంత మొరటుగా వదిలినా ఇంజన్ ఆగిపోదట.

"నడ్మ రోడ్డు మీద ఆగిపోతే ఆడోళ్ళు పరేషాన్ అయితరని, వదినా."

"నాకొక మాట చెప్పినవా?"

"చెప్తే ఫీలయితవని చెప్పలే."

"మరి జెంట్స్ సెట్టింగ్ ఎట్లుంటది?"

"జెంట్స్ సెట్టింగ్ అనేది ఉండది వదినా. అది నార్మల్."

కూరగాయలాయన కూడా ఆ మాటకు దగ్గాడు. ఇన్ని రోజులు నా కాలిని తిట్టారు, నా కళ్ళను తిట్టారు, ఎనిమిదో క్లాసును కూడా తిట్టారు. తీరా చూస్తే నా సీటు కిందే ఒక స్క్రూ, నేను చేతకానిదాన్నని ముందే ఒప్పేసుకుని కూర్చుంది. నేను దాని మీద కూర్చున్నాను.

"దిగుండ్రి" అన్నాను. "నాకూ నార్మలే కావాలె. నువ్వు ముట్టకు మరిది సారూ. యాడుందో చూపియ్యి, నేను తిప్పుకుంట."

"అక్కా, నేను కొననీకి వచ్చిన..." అన్నాడు కూరగాయలాయన.

"నిలబడన్నా, ఉత్తగనే నేర్చుకుంటవు."

సీటు లేపాం. ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది, ఈ పనికి అలాగే ఉండాలట. చోక్ పూర్తిగా లోపలికి నెట్టాను. మరిది స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పోసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. ఆయన పద్ధతి అది. వేగం మరీ తగ్గితే బండి వణుకుతుంది, నీళ్ళు చెప్పేస్తాయి. స్క్రూడ్రైవర్ తీసుకుని మెల్లగా వదులు చేశాను. అరుపు తగ్గింది. ఇంకొంచెం తిప్పాను, బండి మాట్లాడినట్టయింది. ఇంకొంచెం తిప్పితే నీళ్ళ మీద ముడతలు పడ్డాయి, బండి ఒళ్ళంతా వణికి ఇంజన్ ఆగిపోయింది.

"చూసినవా?" అన్నాడు మరిది.

"చూసిన. సిమ్‌ల పెట్టబోయి పొయ్యే ఆర్పిన. అదీ ఒక వంటే." మళ్ళీ స్టార్ట్ చేయించి, ముడతలు పోయి నీళ్ళు నిలబడేదాకా వెనక్కి తిప్పాను. పాలు పొంగకుండా, మంట ఆరకుండా పెట్టడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

"ఇంక జర పెంచు వదినా, సేఫ్టీకి."

"నీ సేఫ్టీ మొన్న సాంబార్ల కొట్టుకపోయింది."

కూరగాయలాయన గ్లాసులోని నీళ్ళు తాగేసి, ఇప్పుడు బండి బాగుంది, తీసుకుంటానన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేస్తానని బస్సు కోసం వెళ్ళిపోయాడు. బండిని బాగు చేసుకుని మరీ పోగొట్టుకునేలా ఉన్నాను.

సరే, నార్మల్ బండి ఎక్కాను. క్లచ్ వదిలాను. ఆగిపోయింది. మళ్ళీ వదిలాను. మళ్ళీ ఆగింది. లేడీస్ సెట్టింగ్ నన్ను ఆగనివ్వలేదు, నేర్చుకోనివ్వనూ లేదు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నవ్వు ఆయన చెవుల దాకా కనిపిస్తోంది. వెనక నుంచి మరిది చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు రావడం చూసి, దాన్ని తీసి తొడ కింద పెట్టుకున్నాను.

"ఆగిపోతే ఆగనీ. మళ్ళ స్టార్ట్ చేసేందుకే గద తాళమున్నది. మీ బండ్లు ఎన్నడూ ఆగలేదా?"

మళ్ళీ తాళం తిప్పాను. అప్పుడు సీటు కింద ఇంజన్ ఉండటం నాకు కలిసొచ్చింది. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట సీటు సన్నగా అదురుతుంది, ఇంజన్ గొంతు బరువవుతుంది. అక్కడ ఒక్క క్షణం ఓపిక పట్టాలి. ఆ చోటు దొరికింది. బండి కదిలింది, నేను కదలమన్నందుకు కదిలింది.

మధ్యాహ్నం బగారన్నం, కోడికూర ఎక్కించాను. మా ఆయన డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేను అప్పటికే లోపలున్నాను.

"తార్నాక చౌరస్త నేను దాటిస్త. దాటకపోతే బండి అమ్ము, నేనే పసుపు పెట్టి పంపిస్త."

"ఆగిపోతే?"

"ఆగినా దాటిస్త."

క్యాంపస్ దాటి చౌరస్తాకు వచ్చేసరికి రెడ్ పడింది. మెట్రో స్తంభాల నీడలో అందరికంటే ముందు మేమే. ఇంజన్ నెమ్మదిగా గుడగుడలాడుతోంది. గ్రీన్ పడింది. క్లచ్ వదిలాను.

ఆగిపోయింది.

వెనక సిటీ బస్సు హారన్. పక్కనుంచి బైకు మీద ఒకడు వంగి అరిచాడు. "అక్కా! ఇంటికాడ వంట చేసుకోరాదే!"

"చేసే వచ్చిన తమ్మీ! వెనక గిన్నెలున్నయి, తింటవా?"

వాడు బైకు ముందుకు ఉరికించాడు. మా ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి వచ్చింది. "దిగు, నేను తీస్త." సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది.

"ఫోన్ ఎత్తు. చేతికి పని ఉంటది" అన్నాను.

తాళం తిప్పాను. కాలు లేపుతూ సీటు అదిరేదాకా చూశాను. బస్సు హారన్ కొడుతూనే ఉంది, కొట్టుకోనీ. సీటు అదిరింది. ఒక్క క్షణం పట్టి వదిలాను. స్తంభం వెనక్కి పోయింది, దాని తర్వాతది కూడా పోయింది. వెనక కోడికూర గిన్నె మూత కిక్కురుమనలేదు.

మా ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. అవతల అంబర్‌పేట్ కూరగాయలాయన గొంతు నాకూ వినిపిస్తోంది.

"ఏం చెప్పాలె?" అన్నాడు.

"బండి పని మీద ఉన్నదని చెప్పు."

"బండి పని మీద ఉన్నదన్నా" అన్నాడు మా ఆయన. కాసేపు విన్నాడు. హాస్టల్ సందులోకి తిప్పడానికి నేను గేరు తగ్గిస్తుంటే, గొంతు సవరించుకుని అన్నాడు. "లేదన్నా, నేను కాదు. మా ఆమె నడుపుతున్నది."