చర్చి మెట్ల మీద మన చెప్పులు

ఓ బాల్యమిత్రులారా! ఆ చర్చి బేస్‌మెంటును శనివారాలు ఆవకాయ వాసనతో నింపి, ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లకు ఆకలి పుట్టించినందుకు మనందరి తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఇవాళ కారులో అటు వెళ్లాను. తలుపుకు తాళం, ముందు అమ్మకానికని బోర్డు. మెట్లు మాత్రం అవే. తెలుగు క్లాసుకి వచ్చి మన చెప్పులు అక్కడే విడిచేవాళ్లం, గుర్తుందా? చర్చిని చూసుకునే గ్రేస్ ఆంటీ వాటిని జతలు జతలుగా సర్దేది.

"అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని, సరిహద్దు దాటి మా ముత్తాత ఈ దేశానికొచ్చేసరికి కాళ్లకి చెప్పుల్లేవురా. ఈ ఇటుకలు పేర్చింది ఆయనే. నాకా పిల్లల్లేరు. నువ్వు గుర్తుపెట్టుకో" అనేది నాతో.

ఒకరోజు ఆ చరిత్ర చెప్పడానికి ఆంటీ మా స్కూలుకే వచ్చింది. సగం చెప్పి ఆగి, నవ్వుతూ నన్ను చూపించింది.

"మిగతాది మావాడు చెప్తాడు. వీడికన్నీ తెలుసు."

వెనక సీట్లోవాడు కిసుక్కున నవ్వాడు. "ఏంటి, ఆవిడ మీ చుట్టమా?"

ఆవకాయ నేరం మనందరిదీ. ఇది మాత్రం నా ఒక్కడిదే. లేచి నిలబడి, "ఈవిడెవరో నాకు తెలీదు మిస్" అన్నాను.