మౌలాలి ఉస్తాద్ దరువు

ఇన్నేండ్ల సంది ఈ మాట గొంతుల అడ్డం పెట్టుకొని తిరుగుతున్న. మింగరాలే, కక్కరాలే. ఇయ్యాల నీకు చెప్త. నన్ను ఓదార్చకు.

గద్వాల నుంచి వనపర్తి దాంక ఏ పెండ్లి బరాత్ చూసినా ఒక్కతీరు దరువే. మొదటి దెబ్బ రొమ్ము మీద పడ్డట్టుంటది. ఎన్క జర ఖాళీ. ఆ ఖాళీల కాలు దానంతటదే ఎగురుతది. డీజేలొచ్చినా అదే నడక. దాన్ని నేనే పుట్టించిన్నని అందరంటరు. నేను కాదనలే.

పుట్టించింది మౌలాలి ఉస్తాద్. ఆత్మకూరుల మా బ్యాండు మాస్టరు. ఆయన బామ్మర్ది దుబాయి నుంచి క్యాసెట్ తెచ్చిండు, అమెరికా నల్లోళ్ల బ్యాండుది. ఫంక్ అంటరట. ఉస్తాద్‌కు ఆ భాష తెల్వదు. టేపు అరిగే దాంక విని, ఆ నడకను మన డోలు మీదికి దించిండు. నా చెయ్యి పట్టుకొని నేర్పిండు. వచ్చినంక నేను ఇడిపోయి అయిజల సొంత బ్యాండు పెట్టిన, దరువు నాదే అని చెప్పుకున్న.

ఇటిక్యాలల ఒక పెండ్లి. పిల్ల దిక్కోళ్లు ఉస్తాద్‌ను పిలిచిన్రు, పిలగాని దిక్కోళ్లు నన్ను. ఉస్తాద్ ఆ దరువు ఎత్తుకోంగనే పెండ్లికొడుకు దోస్తులు నవ్విన్రు.

"ఏందయ్యా ముసలాయనా, అయిజోళ్లది కాపీ కొడుతున్నవ్?"

ఆయన డోలు ఆపి నా దిక్కు చూసిండు.

"నువ్వే చెప్పు బిడ్డా, ఇది ఎవలది?"

"నాది. విని ఎత్తుకున్నవ్, చెవులు మంచిగనే ఉన్నయి ఉస్తాద్, చేతులే ముసలివైనయి."

అందరు పడి పడి నవ్విన్రు. ఒకడు ఆయన మెడల డోలు గుంజి జనరేటర్ బండిల ఎత్తేసిండు. నేను అదే దరువు మొదలుపెట్టిన. ఆయన ముందట్నే.

గిరాకీ పోతదన్న భయంతోని అన్ననా? చానేండ్లు గట్లనే సర్దిచెప్పుకున్న. కాదు. ఆయన మొఖం వాడిపోతుంటే నాకు మంచిగనిపించింది. ఎవలకూ చెప్పంది ఇదే.

ఆయన మళ్ల డోలు ముట్టలే. బస్టాండు కాడ సోడాలు అమ్మిండు. ఆయన సచ్చిపోతే చూడపోయిన. మట్టి ఇచ్చినంక ఆయన కొడుకు నా రెండు చేతులు పట్టుకున్నడు.

"అన్నా, మా అబ్బ నీ దరువు కాపీ కొట్టిండట గదా. మాఫ్ చెయ్యి."

"మాఫ్ చేసిన" అని చెప్పిన.

గా పిలగానికి ఇప్పటికీ చెప్పలే. చెప్తనో లేదో తెల్వదు. నీకైతే చెప్పిన. జర ఊపిరాడుతుంది.