బాలప్ప టీరంగు అద్దాలు

1961 వానాకాలం మొదట్లో నన్ను వికారాబాద్‌లోని ఒక చిన్న కంటి దవాఖానలో రిఫ్రాక్షనిస్టుగా వేశారు. చూపు పరీక్షించి అద్దాల నంబరు తేల్చడం నా పని. హోదాలో డాక్టరుగారికి కింద, కాంపౌండరుకు పైన. ఆ పైమెట్టు చూసుకుని అప్పట్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది. నెలకు రెండు మంగళవారాలు అద్దాల పెట్టె పట్టుకుని రైల్లో తాండూరు వెళ్లి, స్టేషను దగ్గర ఒక గదిలో పరీక్షలు చేసేవాణ్ణి.

ఎండ కోసమైతే డాక్టరుగారు చీటీ మీద రంగుటద్దాలు అని మాత్రం రాసేవారు. ఏ రంగన్నది నాకు వదిలేసేవారు. నా దగ్గర ఆకుపచ్చ, టీరంగు, పొగరంగు ఉండేవి. మనిషి ముఖానికి ఏది నప్పితే అది, నాకు ఏది ముచ్చటేస్తే అది ఇచ్చేవాణ్ణి.

అలా వచ్చినవాడు బాలప్ప. తాండూరు దగ్గర బండల గనిలో ఇరవై ఏళ్లుగా ఏరుడు పని. గనిలోంచి తీసిన బండ మీద నీళ్లు చల్లితేగాని అసలు రంగు తేలదు. తడిలో రంగు చూసి నీలంబండలు ఒక దొంతి, పసుపుబండలు ఒక దొంతి వేయించాలి. పగులుంటే సుద్దతో గీత పెట్టాలి. తడిబండ మీది ఎండ నేరుగా కళ్లల్లో కొట్టి అతని కళ్లు ఎప్పుడూ ఎర్రగా నీరు కారుతుండేవి.

ఆ రోజు ముసురు. టీరంగు అద్దాలు పెట్టి బయటికి చూడమన్నాను. బాలప్ప ఎదురుగోడ వైపు చూసి, "గా గోడ పగులు సుత గనవడ్తున్నది సారూ!" అన్నాడు. నేనూ పొంగిపోయాను. అవే రాసిచ్చాను.

నెల తిరక్కముందే అతని భార్య సాయమ్మ దవాఖానకు వచ్చింది. "సారూ, మా ఆయన పని పొయ్యేటట్టుంది. బండల రంగులు కలిపిండని గని సేటు గరమైండు. ఎల్లుండికెల్లి బండలు మొయ్యాల్నంట. గా నడుముతోని ఏం మోస్తడు?" అంది.

తాగుతాడా అని అడిగాను. నన్ను కొట్టినంత పనిచేసింది. తర్వాత తనే నవ్వుతూ, "గింకో ముచ్చట. నా పాత తెల్లచీర జూసి, పసుపుచీర ఎప్పుడు గొన్నవే, మస్తుగున్నవ్ అన్నడు. పెండ్లయినకాడికెల్లి ఒక్కనాడన్న గట్ల అనలే" అంది.

నేనూ నవ్వాను. సగం నవ్వులో ఆగిపోయాను. ఇంట్లో కూడా అద్దాలు పెట్టుకుంటాడా అంటే, పడుకునేటప్పుడు తప్ప తియ్యడంది. తప్పు నాదే.

మర్నాడు ఎండ కాసింది. డాక్టరుగారిని అడిగి తాండూరు రైలెక్కి, మిట్టమధ్యాహ్నానికి గనికి చేరాను. రెండు రంగుల బండలూ పక్కపక్కన తడిపించి నా అద్దాలన్నిటితోనూ చూశాను. టీరంగు అద్దం నీలం వెలుగును ఆపేస్తుంది. మబ్బు వెలుగులో గీతలన్నీ తేటగా కనిపించేది అందుకే. నీలంబండ పసుపుకు తిరిగి కనిపించేదీ అందుకే. ఆకుపచ్చలో రెండూ పాచి పట్టినట్టున్నాయి. పొగరంగు అన్ని రంగులనూ ఒకే తీరుగా తగ్గించి, ఏ రంగునూ మార్చలేదు. బాలప్పకు అద్దాల మీద అనుమానమే రాలేదట. "కొత్త పొర తీసిండ్రు గదా, రాయే గట్లొస్తున్నదనుకున్న" అన్నాడు పాపం.

తప్పు నాదని సేటు ముందు ఒప్పుకున్నాను. పైమెట్టు మనిషికి అది తేలిక కాదు. సేటు నమ్మలేదు. బండలు కలగలిపి పెట్టించి ఏరమన్నాడు. ఒక్కటి తప్పినా మోతపనే. బాలప్ప పొగరంగు అద్దాలు పెట్టుకుని నీళ్లు చల్లుతూ వేలు చూపిస్తూ పోయాడు. సాయమ్మా నేనూ అతని వెనకే నడిచాం. సేటు దొంతులు రెండూ తనే తిరగేసి, ఒక్క బండ కూడా తేడా లేదని చూసి, "సరే, రేపటికెల్లి నీ పని నువ్వే చెయ్యి" అన్నాడు. గని అంతా ఈలలు. సాయమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఉద్యోగంలో నేను అంత సంతోషపడ్డ రోజులు చాలా తక్కువ.

టీరంగువి తిరిగిమ్మంటే బాలప్ప జేబు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "గివి ఇయ్య సారూ. మొగులున్ననాడు పగుళ్లు వీటిల్నే మంచిగ గనవడ్తయి" అన్నాడు. అతని మాటే సరైనది. రంగుకు ఒక జత, పగులుకు ఒక జత.

"ఇంటికాడ మాత్రం టీరంగువే పెట్టుకో" అంది సాయమ్మ.

రిటైరయ్యేదాకా రంగుటద్దాలు రాసే ముందు ప్రతి మనిషినీ మూడు మాటలు అడిగాను: నువ్వు చూసేదేమిటి, ఏ వెలుగులో చూస్తావు, ఏ రంగు తప్పితే నీ పని పోతుంది? మూడోదానికి జవాబు వచ్చాకే అద్దాల పెట్టె తెరిచేవాణ్ణి.