ఇసుక దువ్వే తోట

కువైట్‌లో ఏ పనిమనిషినైనా అడగండి, తన మొదటి శత్రువు ఇసుకే అంటుంది. కిటికీలు ఎంత బిగించినా సన్నటి పొడి లోపలికొస్తుంది. బ్నీద్ అల్ గార్‌లో నేను పని చేసిన ఇంట్లో ఆరేళ్లపాటు పొద్దున లేవగానే నా చేతికి తగిలింది చీపురే. మా యజమానురాలిని అందరిలాగే నేనూ మామా అని పిలిచేదాన్ని. ఆమె టేబులు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు నాకు చూపించేది. అలాంటి నాకు, ఇసుకను కావాలని తెచ్చి, పరిచి, దువ్వి, దానికి తోట అని పేరు పెట్టిన ఇల్లొకటి ఊళ్లో ఉందంటే నవ్వొచ్చింది. పైగా ఆ దువ్వే పనికి జీతం తీసుకునేవాడు నా మొగుడే.

అది ఒక జపాను కంపెనీ ఆఫీసరు ఇల్లు. మా మామా ఇంటి నుంచి అరగంట నడక. ఆయన భార్య పెరట్లో తమ దేశపు పద్ధతిలో చిన్న తోట వేయించుకుంది. తెల్లటి ఇసుక, మూడు నల్లటి బండరాళ్లు, ఒక రాతి దీపస్తంభం, నీళ్లు లేని వాగులా పరిచిన గులకరాళ్లు. ఒక మూల పెద్ద చెక్క పీపాలో చెర్రీ చెట్టు. అంతే. ఒక కనకాంబరం లేదు, ఒక కరివేపాకు లేదు. శుక్రవారం మధ్యాహ్నం మామా నన్ను వదిలిపెట్టేది. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్లాం మేమిద్దరం వారానికోసారి ఆ పరాయి తోటలో, గేటు పక్కన సిమెంటు మెట్టు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లం.

మొదటిసారి పోయినప్పుడు ఇసుక మధ్యలో ఒక ఎండుటాకు కనపడింది. అలవాటు ఊరుకోదు కదా, తీసేద్దామని నాలుగు అడుగులు వేశాను.

"మే, ఆగు. ఇసకలో కాలు పెట్టగాకు," అన్నాడు మా ఆయన.

"కాలు పెట్టకుండా ఎట్ల తియ్యాల? ఎగురుకుంటా పోవాల్నా?"

"నీ నాలుగడుగులు చెరిపేదానికి నాకు గంట పడతాది."

తర్వాత చూపించాడు. చెక్క పళ్లున్న పనిముట్టు ఒకటి ఉంది, ఆయన దాన్ని దంతె అనేవాడు. చెప్పులు గేటు దగ్గర వదిలి, వట్టి కాళ్లతో చెట్టు మూల దాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ తన అడుగుల్ని తానే దువ్వుకుంటూ గేటు దాకా వచ్చేవాడు. వచ్చేసరికి అలల్లాంటి గీతలు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. "దువ్వినోని అడుగు కూడా మిగలగూడదంట. మేడమ్ నేర్పింది," అని గొప్పగా చెప్పాడు. కోతి చేష్టలని నేను వెక్కిరించాను. నాకూ నేర్పమని రెండు వారాల తర్వాత అడిగాను. నేర్పాడు. నా గీతలు వంకర పోయేవి. ఆయన ఎడమ కాలి చిటికెన వేలు చిన్నప్పుడు పార తగిలి సగం తెగిపోయింది. దువ్వకముందు ఇసుకలో ఆ సగం వేలు గుర్తు చూస్తే నాకు ఎందుకో జాలేసేది.

చెర్రీ చెట్టు మాత్రం పూయలేదు. చలి తగలకపోతే అది పూయదట. ఆ జపానమ్మ ప్రతి చలికాలం పీపా చుట్టూ ఐసు గడ్డలు పేర్పించేది. మూడేళ్లు ఆకులే వచ్చాయి. మాకు ఊళ్లో ఒకప్పుడు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. బోరు ఎండిపోయి, చెట్లన్నీ మా కళ్లముందే మాడిపోతే వాటిని నరికి కట్టెలకు అమ్ముకుని కువైట్ వచ్చాం. ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తేవాడు కాదు. కానీ ఆ పీపా చెట్టుకు నీళ్లు పోసేటప్పుడు ఆయన చూసే చూపు నాకు తెలుసు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాకు సైన్యం వచ్చింది. నెల తిరక్కముందే ఆ భార్యాభర్తల్ని బాగ్దాద్ తీసుకుపోయారు. వెళ్లేముందు ఆమె ఇంటి తాళాలు మా ఆయన చేతిలో పెట్టి, చెట్టు వైపు చూపించి, రెండు చేతులూ జోడించిందట. ఆ జోడించిన చేతులే నా కొంప ముంచాయి.

సెప్టెంబరులో మనవాళ్లంతా బస్సుల్లో జోర్డాన్‌కు, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయికి పోతున్నారు. మామా నా పాస్‌పోర్టు తీసిచ్చి పొమ్మంది. తన ముసలి తల్లి మంచం మీద ఉంది కాబట్టి ఆమె కదలలేదు. నేను సంచి సర్దుకుని తోటకు పోయాను.

"పదయ్యా. అందరూ పోతాండారు."

"నువ్వు పో. చెట్టు పూసినాంక నేను వస్తా."

"పూసేది మార్చిలో. అంతవరకూ ఈడ ఏం తింటావు, ఇసకనా?"

"నీళ్లు లేక సచ్చిన చెట్లను ఒకతూరి చూసినా గదమ్మే. ఇంగోసారి చూడలేను."

రాజు కంటే మొండివాడు బలవంతుడంటారు. కువైట్ రాజుగారే పారిపోయి ఊళ్లో లేని ఆ రోజుల్లో ఈ మొండివాడు మిగిలాడు. నేను తిట్టాను, ఏడ్చాను, చివరకు నేనూ పోలేదు. మొగుణ్ని వదిలి పోయిందనిపించుకోవడం ఇష్టం లేక ఉన్నానని అప్పట్లో నాకు నేనే చెప్పుకునేదాన్ని. నిజం అది కాదు. ఆ మనిషిని వారానికోసారైనా చూడకుండా నేను ఉండలేకపోయేదాన్ని.

చలికాలం వచ్చింది. నూనె బావులు అంటుకుని పొగ ఎండను మింగేసింది. కరెంటు పోయింది, కొళాయిలు ఆగిపోయాయి. ఆయన ముందే డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టాడు, తాను అందులోంచి రెండు గ్లాసులు తాగి చెట్టుకు నాలుగు చెంబులు పోసేవాడు. ఆ ఏడు చలి గడ్డకట్టించేలా ఉంది. ఐసు గడ్డలు తేలేని చలిని యుద్ధం తెచ్చింది. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నేను పోయేసరికి ఆయన చిన్నపిల్లవాడిలా కొమ్మ వంచి చూపించాడు. గోధుమ గింజలంత మొగ్గలు.

"చూడుమ్మే. ఇంగ పదైదు దినాలు. పూలు చూసి పోదాం."

"పూలు చూసేకి మనుషులు బతికుండాల గదా," అన్నాను. చలికి, ఆకలికి, కోపానికి అన్నాను. ఆయన నవ్వాడు. నేను ఆయనతో అన్న చివరి మాట అదే.

తర్వాత బాంబుల వల్ల మామా నన్ను బయటికి పంపలేదు. ఒకరోజు పొద్దున వీధిలో కేకలు వినపడ్డాయి, కార్ల హారన్లు మోగాయి. సైన్యం వెళ్లిపోయిందట. మామా తల్లి మంచం మీద నుంచే ఏడుస్తూ నవ్వింది. నేను చెప్పులు వేసుకుని పరుగెత్తాను. పట్టపగలు ఆకాశం మసి పట్టిన బాణలి అడుగులా ఉంది.

ఆ ఇంటి గేటు తీసి ఉంది. గేటు దగ్గర ఆయన చెప్పులు కనపడ్డాయి. నా ప్రాణం లేచొచ్చింది. పిలిచాను, పలకలేదు. ఇంటి తలుపులు బార్లా ఉన్నాయి, లోపల సామాను లేదు. తోటలోకి చూశాను. చెట్టు మూల నుంచి సగం దాకా గీతలు చక్కగా గీసి ఉన్నాయి. అక్కడ దంతె పళ్లు కిందికి పెట్టి, పద్ధతిగా పడుకోబెట్టి ఉంది. అక్కడి నుంచి గేటు వైపు ఆయన అడుగులు, ఎడమ కాలికి సగం చిటికెన వేలు. పక్కన బూట్ల అడుగులు. అన్నింటి మీదా మసి చుక్కలు.

సైనికులు దోచుకోవడానికి వస్తే భయపడి ఎక్కడో దాక్కున్నాడనుకున్నాను. చెప్పులు ఇక్కడే ఉన్నాయి కదా, వస్తాడు. వాళ్లు పోయారు కదా, ఇవాళే వస్తాడు. వచ్చి సగంలో ఆగిన పని చూసి సిగ్గుపడతాడు. ముందు చెట్టుకు నీళ్లు పోశాను. మొగ్గలు ఉబ్బి, కొసల్లో ఎరుపు కనపడుతోంది. తర్వాత దంతె తీసుకున్నాను. చెట్టు మూల నుంచి నా అడుగులు చెరుపుకుంటూ ఆయన ఆపిన చోటికి వచ్చాను. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ, బూట్ల గుర్తులతో పాటు ఆయన గుర్తులూ, నా గుర్తులూ అన్నీ దువ్వుకుంటూ గేటు దాకా వచ్చాను. ఒక్క గీత వంకర పోలేదు. వచ్చి చూసి ఏమంటాడో అని మెట్టు మీద కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను కూడా.

పక్కింటి డ్రైవరు అప్పుడు గోడ మీదుగా నన్ను చూశాడు. రాయచోటి సాయిబు, మా ఇద్దరికీ తెలిసినవాడే. చుట్టూ తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, మొన్న లారీ తెచ్చినారు. ఇంట్లో సామానంతా ఎక్కించినారు. మోసేదానికి మనిషి కావాలని అన్నను గూడా ఎక్కించినారు. చెప్పులు ఏసుకుంటా అన్న్యాడు, ఏసుకోనీలేదు. మిద్దె మీంద నుంచి చూసినా. దిగేకి ధైర్యం చాలలేదక్కా."

"యా పక్క పోయినారు?"

"ఉత్తరం పక్క. ఇరాకు రోడ్డు."

ఆ రోడ్డు మీద పోయిన లారీలను విమానాలు బాంబులేసి ఎలా కాల్చేశాయో తర్వాత లోకమంతా చూసింది. నేను మాత్రం అప్పుడు తల తిప్పి తోట వైపు చూశాను. అక్కడ ఎవరూ ఎప్పుడూ నడవనట్టుంది.

ఆసుపత్రులన్నీ తిరిగాను. ఎంబసీ ముందు కూర్చున్నాను. చెట్టు పూసిందని, పూలు నాలుగు రోజులుండి రాలిపోయాయని సాయిబు వచ్చి చెప్పాడు. చూడటానికి నేను పోలేదు. ఆ పూల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా వైపు, కనపడకుండా పోయిన మనిషి కోసం పన్నెండేళ్లు చూస్తారు. పన్నెండేళ్లూ నేను బొట్టు పెట్టుకున్నాను. తర్వాత పెద్దలు ఇక చాలన్నారు, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. అయ్యవారు నన్ను పిలిచి, "ఆయన కడసారి నిలబడిన చోట మట్టి పిడికెడన్నా తెచ్చుకున్నావామ్మా? బొమ్మలో కలుపుదాం," అని అడిగాడు.

చెప్పులు తెచ్చుకున్నాను. చెప్పులు పనికిరావన్నాడు. ఆయన పాదం కింది ఇసుక ఆ రోజు నా ముందే ఉంది, సగం వేలు గుర్తుతో సహా. వంగి పిడికెడు తీసి కొంగున కట్టుకుంటే సరిపోయేది. నేను దువ్వి వచ్చాను, ఆయన నేర్పినట్టే, ఒక్క అడుగు కూడా మిగల్చకుండా.