బాపు గాజు గ్లాసులో నూరిన బ్లేడు

పొద్దున్నే మా ఇంట్లో కిర్రు కిర్రుమని గాజు గ్లాసు చప్పుడు... మా చిన్నప్పటి సిద్దిపేట మాట ఇది. బాపు, అంటే మా నాయిన, అరుగు మీద కూర్చుని, ఖాళీ గ్లాసు లోపలి అంచుకు బ్లేడును రెండు వేళ్లతో అదిమిపట్టి, అటూ ఇటూ రుద్దుతుండేవాడు. ఒక పక్క అయ్యాక తిప్పి రెండో పక్క.

బాపు బడిపంతులు. రోజూ సైకిల్ మీద నంగునూరు పోయి పిల్లలకు చదువు చెప్పి వచ్చేవాడు. మాసిన గడ్డంతో పిల్లల ముందు నిలబడటం ఆయనకు అస్సలు నచ్చదు. కొత్త బ్లేడేమో ఎప్పుడంటే అప్పుడు దొరికేది కాదు. అందుకే ఒక్క బ్లేడునే వారాల తరబడి కాపాడుకునేవాడు.

ముందు వేడినీళ్లలో ముంచిన తువ్వాలను మొహానికి అదిమి పెట్టుకునేవాడు. "వెంట్రుక నానితే బ్లేడుకు సగం పని తప్పుతది బిడ్డా" అనేవాడు నాతో. గీసుకున్నాక బ్లేడును కడిగి, తడి దులిపి, వేలికొసతో ఇంత కొబ్బరినూనె రాసి, మళ్లీ దాని కాగితంలోనే మడిచిపెట్టేవాడు... తుప్పు పట్టకుండా. ఇక గడ్డానికి పనికిరాదు అనుకున్నాకే అది మా అమ్మ చేతికి వచ్చేది (అమ్మను అవ్వ అనేవాళ్లం), బట్టల కుట్లు విప్పుకోవడానికి.

అరవై తొమ్మిది వచ్చింది... తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు లేచిన ఏడాది. బడులు మూతపడ్డాయి. బజారు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు బంద్ పెడతారో తెలియదు. మా అన్న రాజన్న అప్పటికి హైదరాబాదులో కాలేజీ చదువుతున్నాడు. ఊరేగింపుల్లో కనబడ్డాడని ఎవరో చెప్పారు. ఆ తర్వాత కబురు లేదు. పక్కింటి రేడియోలో కర్ఫ్యూ అన్న మాట వినబడితే చాలు... అవ్వ పొయ్యి ముందు నుంచి లేచి పరుగున వచ్చేది.

బడి లేకపోయినా బాపు గడ్డం గీసుకోవడం మానలేదు. ఒకరోజు అవ్వకు ఒళ్లు మండింది.

"పొల్లగాని జాడ లేదు. నీకేమో గడ్డం ముచ్చట!"

"రేపు వాని కోసం పోలీస్ స్టేషన్ల చుట్టు తిరగాల్సి వస్తే... మనిషి లెక్క కనబడాలె గదనే" అన్నాడు బాపు.

మర్నాటి నుంచి వేడినీళ్లు అవ్వే కాచి పెట్టేది.

ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర ఎవరో గడ్డం పెరిగిన మనిషి నిలబడి ఉన్నాడు. దవడ చుట్టూ తువ్వాల కట్టి ఉంది. నేను భయపడి లోపలికి పరుగెత్తబోయాను.

"నేనేనే లచ్చీ..."

అన్న గొంతు!

ప్రజ్ఞాపూర్ దాకా లారీలో వచ్చాడట. అక్కడి నుంచి కొంత నడిచి, కొంత ఎడ్లబండి మీద. దవడ మీద లాఠీ దెబ్బ. నోరు సరిగ్గా తెరవలేకపోతున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. గడ్డంలో నెత్తురూ, ఎవరో అద్దిన పసుపూ ఎండి అట్టగట్టాయి.

"దవాఖానకు నడువు" అన్నాడు బాపు.

"వద్దు బాపు... దెబ్బ ఎట్ల తాకిందని అడుగుతరు. పోలీసులకు ఎరుకైతది."

మా వెనక సందులో మహబూబ్ చాచా ఉండేవాడు, కంపౌండర్. బాపు వెళ్లి పిలుచుకొచ్చాడు. చాచా తువ్వాల విప్పి, అన్న మొహాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"పంతులు సాబ్, ముందుగాల గీ గడ్డం తీయాలె. లోపట ఏమున్నదో కనబడ్తలేదు. ఎముక పగిలిందంటే మాత్రం... మళ్ల పట్నం పెద్ద దవాఖానకే తీస్కపోవాలె."

మళ్లీ ఆ హైదరాబాదుకా! అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మంగలి దుకాణం మూసుకుని జగదేవ్‌పూర్‌లోని అత్తగారింటికి పోయాడు. బజారు బంద్. ఇంట్లో ఉన్నది ఒక్కటే బ్లేడు... అదీ మొద్దుబారిపోయి, నేడో రేపో అవ్వకు ఇచ్చేయాల్సినది.

బాపు గ్లాసు తెచ్చుకుని కూర్చున్నాడు. కిర్రు... కిర్రు... అంత నెమ్మదిగా రుద్దడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకెంతసేపయ్యా!" అంది అవ్వ.

"మొద్దు బ్లేడైతే వెంట్రుకను గుంజుతది. పుండు తెగుతది."

ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకున్నాడు. తలూపాడు. బ్లేడును మరిగే నీళ్లలో వేసి తీసి, రేజరుకు బిగించాడు. అప్పటికే అవ్వ వేడినీళ్ల గుడ్డతో అన్న గడ్డాన్ని నానబెడుతోంది. నీళ్లు ఎర్రగా కారుతున్నాయి.

బాపు ఎడమచేత్తో అన్న తల పట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. కొంచెం గీయడం, కడగడం... సగంలో బ్లేడు పట్టేసింది. అన్న "అమ్మా" అన్నాడు. బాపు ఆపేసి మళ్లీ గ్లాసు అందుకున్నాడు. మళ్లీ నూరి, మళ్లీ నీళ్లలో మరిగించి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. గాయం చుట్టూ ఒక్కో వెంట్రుకా తీసినంత పని.

గడ్డం మొత్తం పోయాక చాచా వంగి చూశాడు. చీము పిండాడు. దవడ ఎముక వెంట వేలితో నొక్కుకుంటూ పోయాడు. "నోరు తెరువు బేటా... ఇంకా... ఇప్పుడు పండ్లతోని గట్టిగ కరువు."

అన్న కరిచాడు.

చాచా మొహం విప్పారింది. "హడ్డీ సలామత్ పంతులు సాబ్! ఎముకకేం కాలే, పైన మాంసమే పగిలింది. పట్నం గిట్నం ఏం వద్దు. నేను రోజొచ్చి కట్టు కడ్త."

అవ్వ గోడకు జారగిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, జావ కాచడానికి పోయింది. నాకు ఒక్కసారిగా విపరీతమైన ఆకలి వేసింది... మధ్యాహ్నం నుంచి ఎవరమూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

బాపు మాత్రం అక్కడే ఉన్నాడు. దెబ్బ తగలని చెంప మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచేశాడు. అన్న పెద్దవాడయ్యాక బాపు అతన్ని అలా ముట్టుకోవడం నేను చూడలేదు.

"నున్నగ అయినవురా" అన్నాడు. అంతే.

జ్వరం తగ్గింది, గాయం మానింది. తెలంగాణ రావడానికి మాత్రం ఇంకా నలభై ఏళ్లు పైనే పట్టింది. అన్న చూశాడు. బాపు చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మగపిల్లలు రంగురంగుల ప్లాస్టిక్ రేజర్లు తెస్తారు, నాలుగు రోజులు వాడి చెత్తబుట్టలో వేస్తారు. సుఖమే, కాదనను. కానీ ఒకరి గడ్డం ఇంకొకరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి గీసే అవసరం ఎవరికీ రావడం లేదు... మీ ఇంట్లో అలా ఎవరైనా ఎవరికైనా గీశారా? తాతకు మనవడో, నాయినకు కొడుకో... గుర్తుంటే రాయండి, చదవాలని ఉంది.