సాంచెల పోగులు, కాల్హేర్ గడ్డి

మా చిన్నప్పుడు... శుక్రవారం సెలవు వచ్చిందంటే బొంబాయి దగ్గరి భివండీలో సాంచెలు ఆగిపోయేవి. మరమగ్గాలను మేమంతా సాంచెలే అనేవాళ్లం. కామత్‌ఘర్‌లో మా గది వెనక, సాంచెల షెడ్డు గోడకీ మోరికీ మధ్య నాలుగు మంచాలు పట్టేంత మట్టి ఉండేది. అమ్మ పొద్దున్నే అక్కడ చేరేది. టమాటాలు, వంకాయలు, గోడ మీదికి బీరపాదు... సొంత భూమి ఏనాడూ లేని మనిషి, ఆ కాస్త మట్టినీ "నా చెల్క" అనేది.

బాపు, అంటే మా నాన్న, సాంచెల దగ్గర తెగిపడిన నూలు పోగులూ దూది పీచూ సంచిలో తెచ్చేవాడు. అమ్మ దాన్ని మొక్కల మొదళ్లలో మందంగా పరిచేది. ఎండాకాలంలో కూడా వేలు పెడితే కింద తడి తగిలేది. కలుపు తక్కువ. టమాటాలు నేలకు ఆని కుళ్లేవి కావు. వానలు పడేసరికి పీచంతా మట్టిలో కలిసిపోయేది.

తర్వాత షెడ్డు యజమాని సేటు నూలు మాన్పించి పాలిస్టర్ పెట్టించాడు. బాపు ఎప్పటిలాగే సంచి నింపుకొచ్చాడు. తెల్లగా, ఎంత మెరుపో! అమ్మ మురిసిపోయి పరిచింది.

అది నీళ్లు పీల్చలేదు. కుళ్లలేదు. సన్నటి పోగులు కాండాలకు చుట్టుకుని, మొక్క లావైన కొద్దీ కోసుకుపోయాయి. పూత మీదున్న టమాటాలు ఒక్కొక్కటే వాలిపోయాయి... అమ్మ వాటిని పీకి మోరి పక్కన పడేసింది. అదే బాపును తినేసింది.

"నేనే తెస్తి గదనే... నా చేతులతోని పాడుజేసిన."

"నువ్వేం జేస్తవ్? మనం నేసేదే గది," అంది అమ్మ.

ఆ ఓదార్పుకి బాపు ఇంకా కుంగిపోయాడు. సెలవొస్తే చాలు, గొంతుక్కూచుని మట్టిలోంచి పోగులు ఏరేవాడు. ఎంత ఏరినా తరిగేవి కావు. బజారుకు పోదాం రమ్మంటే, "ఆగు బిడ్డా, ఇంకింత ఉన్నది" అనేవాడు.

ఒకరోజు సైకిల్ తీసి దగ్గర్లోని కాల్హేర్ ఊరికి వెళ్లాడు. అప్పుడక్కడంతా వరి పొలాలే. మేం మావశీ అని పిలిచే ఒక మరాఠీ రైతమ్మ, వానకు తడిసి బర్రెలు ముట్టని గడ్డిని ఊరికే ఇచ్చింది. ఆ గడ్డి పరిచాక చూడాలి కాపు... మా చాల్‌లో, అంటే మేముండే వరస గదుల్లో, ఏ ఇంట చూసినా మా టమాటాలే! బాపు మాత్రం అన్నం కలుపుతూ కూడా "పోగులేమన్న కండ్లబడ్డయా?" అని అడిగేవాడు. పోయేదాకా ఆ దిగులు ఆయన్ని వదల్లేదు.

ఇప్పుడు ఆ మట్టి మీద బిల్డింగు లేచింది. అమ్మ మా బాల్కనీలో పెయింటు డబ్బాల్లో టమాటాలు పెడుతోంది. గడ్డి లేదు కదా అని, నేను పనిచేసే గోడౌన్ నుంచి నల్ల ప్లాస్టిక్ షీటు తెచ్చి కప్పాను. కలుపు రాలేదు, తడి ఆరలేదు, కాయలూ బాగానే కాశాయి. అమ్మ మాత్రం ఎండకు కాగిన షీటు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏర్లు ఉడుకవారా గిట్లైతే? ఇది మట్టిల కలుస్తదా?... కాల్హేర్ల మావశీని అడుగు బిడ్డా, తడిసిన గడ్డి ఇస్తది."

"సరే అమ్మా," అన్నాను.

ఏమని చెప్పను? నా గోడౌన్ ఉన్నది ఆ మావశీ పొలంలోనే. నా కుర్చీ కింద సిమెంటు, దాని కింద ఆ గడ్డి మొలిచిన మట్టి. రోజూ అక్కడే లారీల కొద్దీ ప్లాస్టిక్ దింపిస్తాను. ఆ జీతంతోనే మా ఇల్లు గడుస్తోంది. "మనం నేసేదే గది" అని నాకు నేను చెప్పుకుంటాను... కానీ బాపు కనీసం వంగి ఏరాడు. నేను అదీ చేయడం లేదు.

భివండీ చుట్టుపక్కల వరిగడ్డి ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా? ఒక్క మోపు చాలు. మీ అమ్మలు మొక్కల మొదళ్లలో ఏం పరిచేవారో కూడా రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను. ఆ గడ్డి మావశీ ఇచ్చిందేనా అని మాత్రం అమ్మ అడక్కుండా ఉంటే బాగుండు.